ఆ 'రెడీ ఆర్కిడ్ మిక్స్' జోలికి పోకండి, నా మొక్క వేళ్ళన్నీ కుళ్ళిపోయాయి

ఎవరి గురించో ఆర్కిడ్లు పెంచేవాళ్ళలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. అదే, దొడ్డు బెరడు ముక్కల ఫోటో పెట్టి, ఆర్కిడ్ కుండీలో మట్టికి బదులు వేసే మిక్స్ అమ్మే ఆయన. పూలు రాలిపోయాయి కదా అని నా ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌కి కుండీ మారుద్దామనుకుని ఆయన దగ్గర ఒక సంచీ తెప్పించా. పైన నాలుగు వేళ్ళ మందాన బెరడు, బొగ్గు ముక్కలు. కింద అంతా కొబ్బరి పొట్టు పొడి. చూశాను. కళ్ళారా చూసి కూడా, అమ్మేవాడికి తెలీదా ఏంటి అనుకుని అదే వేసేశా, నా తెలివి అలా ఏడిసింది.

మూడు వారాలకి ఆకులు వేలాడిపోయాయి. దాహం అనుకుని ఇంకా నీళ్ళు పోశా. లోపల వేళ్ళు చచ్చిపోయి నీళ్ళు తాగలేక ఆకులు వాడుతుంటే నేను పైనుంచి ఇంకా ముంచుతున్నానన్నమాట! చివరికి టెన్షన్ ఆగక కుండీ బోర్లిస్తే గుప్పున కంపు. ఒక వేరు పట్టుకుంటే తడిసిన సాక్సు ఊడినట్టు పైపొర మొత్తం జారి చేతికొచ్చేసింది, లోపల దారం లాంటి నరం ఒక్కటే మిగిలింది. తొమ్మిది వేళ్ళు ఉండేవి, గట్టిగా ఉన్నవి ఇప్పుడు రెండు.

ఫోటోలు తీసి ఆయనకి పంపా. డబ్బులు వెనక్కిమ్మని కూడా అడగలేదండీ, మిక్స్‌లో పొడి ఎందుకుందని మాత్రమే అడిగా. పదినిమిషాల్లో జవాబు: "ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు మేడమ్, ఆర్కిడ్లు అందరి చేతికీ రావు." దాని వెనకే ఇంకో మెసేజ్: "రూట్ బూస్టర్ వాడండి, మా దగ్గరే ఉంది." చదివి కాసేపు నోట మాట రాలేదు. వేళ్ళు కుళ్ళబెట్టిన మహానుభావుడే వేళ్ళకి టానిక్ అమ్ముతాడట! సంచీ అడుగున తీసిన ఫోటో పెట్టగానే నన్ను బ్లాక్ చేశాడు.

కోపంలో ఇదంతా రాస్తున్నా గానీ, కొనేవాళ్ళు ఒక్కటి చెయ్యండి: సంచీ మొత్తం ఒక బేసిన్‌లో కుమ్మరించి చూడండి, పొడి ఉంటే జల్లెడ పట్టి పారెయ్యండి. ఇవి అడవిలో చెట్ల కొమ్మలని పట్టుకుని పెరిగే మొక్కలు, వేళ్ళకి గాలి ఆడాలి, ఆ పొడి తడిసి ముద్దైతే ఇంక గాలెక్కడిది. మంచి వేరు ఆరినప్పుడు వెండి రంగులో, తడిస్తే ఆకుపచ్చగా, నొక్కితే గట్టిగా ఉంటుంది. కుళ్ళినవి కోసేముందు కత్తెరని స్పిరిట్‌తో తుడవండి, కోసి నాటాక నాలుగైదు రోజులు నీళ్ళు పొయ్యకండి. లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ కుండీ అయితే వేళ్ళ సంగతి ముందే తెలిసేది, నేను అందంగా ఉందని పింగాణీది తీసుకున్నా.

ఆ మిగిలిన రెండు వేళ్ళనీ ఈసారి ఉత్త బెరడులోనే పెట్టా. పొద్దున్నే లేచి వాటినే చూస్తున్నా, ఇంకా కొత్త వేరు మొన ఏదీ రాలేదు.