వంజంగిలో టెంటు వద్దు, పాడేరులో పడుకోండి

మబ్బుల సముద్రం చూడ్డానికి పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు టెంటు ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. పాడేరులో లాడ్జి చూసుకుని తెల్లవారుజామున నాలుగింటికల్లా బయల్దేరండి. ముందు ఈ మాట చెప్పేస్తే నాకు సగం భారం దిగుతుంది. మిగతా సగం ఆ కొండ మీద నాకు దొరికిన ఫోటో గురించి.

విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరుకి సుమారు నూట పది కిలోమీటర్లు. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర ఆగి దణ్ణం పెట్టుకున్నాం. దారిలో ఏ ఇబ్బందీ లేదు. నేను, మా ఆయన, మా వదిన, ఆవిడ కొడుకు. వదినకి మోకాళ్ళ నొప్పులు. కొండకి దగ్గర్లో పడుకుంటే పొద్దున్నే ఆవిడ ఎక్కువ నడవక్కర్లేదని టెంటు బుక్ చేశాం.

ఫోన్‌లో మాట్లాడినతను ఒప్పుకున్నవి ఇవి: వ్యూపాయింట్‌కి పది నిమిషాల నడక, వేడినీళ్ళు, రాత్రి భోజనం, చలిమంట. పైగా "మబ్బులు గ్యారంటీ మేడమ్" అన్నాడు. మనిషికి 1,500 చొప్పున నలుగురికి 6,000. అందులో 3,000 ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. తీరా వెళ్తే ఆ టెంట్లు కొండ మీదికి జీపులు బయల్దేరే చోటుకి కూడా బాగా కింద, రోడ్డు పక్కన ఒక మడిలో ఉన్నాయి. నడిచి ఎక్కే మాటే లేదు. స్లీపింగ్ బ్యాగులు చెమ్మగా ముక్కిపోయిన వాసన. రగ్గులు అడిగితే ఒక్కోదానికి 150 అన్నాడు, రెండు తీసుకున్నాం. చలిమంట ప్యాకేజీలోదే కానీ కట్టెలు కాదట, వాటికి 400. అవీ పచ్చి కట్టెలు. రాజుకోకపోతే ప్లాస్టిక్ గ్లాసులు పోగేసి మంటలో వేశారు. ఆ కంపుకి వదినకి దగ్గు పట్టుకుంది. భోజనమంటే చల్లారిన అన్నం, నీళ్ళ సాంబారు. అన్ని టెంట్లకీ కలిపి ఒకటే మరుగుదొడ్డి, దాని ముందు డ్రమ్ములో చల్లటి నీళ్ళు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. డీజే బాక్సులు రాత్రి రెండు దాటినా ఆపలేదు. కూతవేటు దూరంలో ఊరుంది, ఇళ్ళల్లో పసిపిల్లలుంటారు, ముసలివాళ్ళుంటారు. మా ఆయన వెళ్ళి కాస్త తగ్గించమంటే "ఎంజాయ్ చెయ్యడానికే కదా సార్ వచ్చారు" అన్నాడట. వచ్చినవాళ్ళ సరదా కోసం ఆ ఊరివాళ్ళు ఎందుకు నిద్ర మానుకోవాలి? ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. వదిన ఆ రాత్రంతా టెంటులో కూర్చునే ఉంది. బయల్దేరేటప్పుడు మిగతా 3,000 చేతిలో పడేదాకా మా కారుకి అడ్డంగా పెట్టిన బండి తియ్యలేదు. వదిన ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కి కూర్చుంది. మా ఆయన స్టీరింగ్ మీద కోపం చూపించాడు.

అక్కడి నుంచి మా అదృష్టం తిరిగింది. జీపుకి రానూపోనూ మనిషికి 150. డ్రైవరు ఆ చుట్టుపక్కల ఊరి కుర్రాడే. అడక్కుండానే వదినని ముందు సీట్లో కూర్చోబెట్టి, గోతుల దగ్గర బండి నెమ్మది చేశాడు. "మబ్బు లేదని దిగిపోకండమ్మా, ఎండ పడినాక సూడండి" అని దింపేటప్పుడు చెప్పాడు. ఆ తర్వాత నడకే. రాళ్ళ దారి, చీకటి, టార్చి లేకపోతే కాలు మెలిక పడుతుంది. వదిన కొంత దూరం నడిచి ఒక టీ బడ్డీ దగ్గర ఆగిపోయింది.

పైకి చేరేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. అందరూ వచ్చింది పాలసముద్రం లాంటి మబ్బు కోసం. అది రాలేదు. లోయలో మబ్బు నిండాలంటే గాలిలో తేమ ఉండాలి, ఆకాశం తేటగా ఉండాలి, గాలి కదలకూడదు. ఆ రాత్రి చలి ఉంది, తేమ లేదు. దాన్ని గ్యారంటీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు. ఆరున్నర అవుతుండగా సూర్యుడు రాగానే జనం సెల్ఫీలు దిగి దిగిపోవడం మొదలుపెట్టారు. మా మేనల్లుడు కూడా "అత్తా, ఏమీ లేదు, పోదాం" అని నా బ్యాగు సర్దబోయాడు.

సరిగ్గా అప్పుడే కింద ఊళ్ళల్లో పొయ్యిల మీంచి పొగ లేచింది. ఒక్కో కప్పు మీంచి సన్నగా, నిటారుగా పైకి వచ్చి, ఒక ఎత్తుకి చేరాక ఆగిపోయి పక్కలకి పరుచుకుంది. చలికాలం తెల్లవారుజామున లోయ అడుగున చల్లగాలి, దాని మీద కాస్త వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది, పొగ దాన్ని దాటి పోలేదు. ఊరూరి పొగా కలిసి ఒక పొరగా సాగింది. దాని వెనక నుంచి ఎండ పడగానే అప్పటిదాకా ఒకే ముద్దగా ఉన్న కొండలు ఒక్కొక్కటే విడిపోయాయి. దగ్గరది నల్లగా, చెట్ల కొసలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. దాని వెనకది ముదురు నీలం, ఆ వెనకది బూడిద రంగు, ఆ పైన లేత నారింజ. ఆఖరి కొండ ఒట్టి గీత. నా చేతులు వణికాయి, చలికి కాదు.

ఇలాంటి చోట వైడ్ లెన్సు బ్యాగులోనే ఉంచండి. దానితో తీస్తే కొండలు చిన్నవైపోయి ఆకాశమే మిగులుతుంది. నేను 70–200 ఎంఎం జూమ్ లెన్సు 150 దాటించి తీశాను. దూరం కొండలు దగ్గరికి జరిగి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ట్రైపాడ్ మీద ఎఫ్ 8, ఐఎస్ఓ 100. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు, అంటే వెలుగు సగానికి, తగ్గించాను, లేకపోతే వెలుగు పడ్డ పొగ తెల్లగా కాలిపోతుంది. సూర్యుణ్ణి ఫ్రేములో పెట్టకుండా కాస్త పక్కకి తిప్పండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఆ నారింజ రంగుని కెమెరా సరిదిద్దేస్తుంది, డేలైట్‌లో ఉంచాలి. ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో మసక తీసేసే డీహేజ్ జోలికి పోవద్దు. ఆ ఫోటోకి ప్రాణం పొగే. ఇదంతా అరగంట లోపే. నేల వేడెక్కగానే ఆ మూత చెదిరిపోయి పొగ పైకి కలిసిపోతుంది, తర్వాత ఎంత తీసినా చప్పగా ఉంటుంది.

కిందికి దిగేసరికి వదిన టీ బడ్డీలో పొయ్యి పక్కన నవ్వుతూ కూర్చుంది. "ఇలా పొయ్యికాడికి రా అమ్మా, ఆ రాయి మీద కూకో" అని ఆ బడ్డీ ఆవిడ పిలిచిందట, కాళ్ళకి వేడి తగిలేలా కూర్చోబెట్టిందట. వేడి చోడి (రాగి) అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. గ్లాసు 20. నేను రెండు గ్లాసులు తాగాను. తర్వాత వాళ్ళ తోటలో గింజలే వేయించి కాచిన కాఫీ, పాలు లేకుండా, బెల్లంతో, 15. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు, కానీ ఆ కాఫీని ఆ కొండ మీద, ఆ చలిలో తాగాలి. నలుగురం కడుపునిండా తాగితే 160 అయింది. ముందు రాత్రి కట్టెలకి ఇచ్చిన దాంట్లో సగం కూడా కాదు. వదిన అక్కడే పావుకిలో మిరియాలు కొనుక్కుంది.

పాడేరు 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం, ఉండడానికి గదులు దొరుకుతాయి. మాకు 1,400కి శుభ్రమైన దుప్పట్లు, బకెట్టెడు వేడినీళ్ళు దొరికాయి. వంజంగి అక్కడికి అరగంట లోపే. మర్నాడు మళ్ళీ ఎక్కితే లోయ నిండా మబ్బు, మా వాళ్ళంతా మురిసిపోయారు. అయినా గోడకి పెట్టించుకున్నది పొగ ఫోటోనే.

లంబసింగికీ దీనికీ పోలిక పెట్టకండి. అక్కడ మంచు మనల్నే కమ్మేస్తుంది, చలి అనుభవించడానికి బాగుంటుంది, కొండల వరసలు మాత్రం కనపడవు. ఫోటో కోసమైతే వంజంగే. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం, ఆ కాలం మొదట్లో వెళ్తే దారిలో పచ్చటి వలిసె పూలు కూడా చూడొచ్చు. శనివారం రాత్రి మాత్రం వద్దు. అయినా టెంటే కావాలంటే డబ్బు పంపే ముందు లొకేషన్ పంపమనండి, అక్కడి నుంచి జీపుల చోటు ఎంత దూరమో మ్యాపులో మీరే చూసుకోండి. పంపడానికి నసిగితే ఫోన్ పెట్టేయండి.