టెక్కలి దగ్గర జీడితోటలో ఆదివారం బడి: పిల్లల్ని పంపొచ్చా?

టెక్కలి దాటాక ఒక జీడితోటలో ప్రతి ఆదివారం చిన్నపిల్లలకి తోటబడి పెడుతున్నారు, ఒకటో క్లాస్ నుంచి ఐదు వరకూ. మా పాప మూడో క్లాస్, సంక్రాంతి అయ్యాక వేశాం. ఎలా ఉంది ఎలా ఉంది అని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నాకు నచ్చింది, ఇంకా పంపుతున్నా కూడా. బాత్రూం విషయంలో మాత్రం ఒళ్ళు మండుతోంది, దాని సంగతి కింద.

మా అత్తగారైతే మొదట్లోనే "ఏటమ్మా, మనకే తోటుంటే డబ్బులిచ్చి మరీ పక్కోల తోటలోకి పంపుతారేటి" అన్నారు. పాయింటే. ఉద్దానంలో మాకు కొబ్బరితోట ఉంది, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి సగం పోయింది, మిగతాది ఉంది. కానీ అక్కడికెళ్తే పాప నులకమంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చుంటది, మేమూ అంతే. ఇక్కడ ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు, దింపడానికొచ్చిన పేరెంట్స్‌వి కూడా.

పిక్నిక్ అనుకుని వచ్చేవాళ్ళు మాత్రం ఆలోచించుకోండి. ఆటలు, పాటలు, సర్టిఫికెట్లు ఏం ఉండవు. బయటి దేశాల్లో దీన్ని ఫారెస్ట్ స్కూల్ అంటారు, ఇంగ్లండ్‌లో బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్ళు 1993లో డెన్మార్క్ వెళ్ళి అక్కడి చిన్నపిల్లల బడులు చూసొచ్చి మొదలుపెట్టారు. ఒక్కసారి తీసుకెళ్ళి చూపించేసి రావడం కాదు, ఒకే చోటుకి నెలల తరబడి తిప్పడమే అందులో అసలు విషయం. వీళ్ళు ఆ పద్ధతే పట్టుకున్నారు. పిల్లకో చెట్టు ఇస్తారు, వెళ్ళగానే ముందు దాని దగ్గరికెళ్ళి పోయిన వారానికీ ఇప్పటికీ ఏం మారిందో బొమ్మేసుకోవాలి, అంతే. పూత, పిందె, పండు మూడూ ఒకే చెట్టు మీద మా పాప వరుసగా చూసింది, స్కూల్ బుక్‌లో నాలుగు లైన్లు ఉంటుంది అదే పాఠం.

చీమల గూడు రోజు పేరెంట్స్‌ని కూడా ఉండమన్నారు. జీడిచెట్టుకి ఎర్రచీమలు ఆకులు కుట్టి గూడు కడతాయి కదా, ఒక గూడు అంచు గాలికి విడిపోయింది. సార్ ఏమీ చెప్పలేదు, చూడండి అని తనూ కింద కూర్చున్నాడు. చీమలు లైన్‌గా నిలబడి రెండాకుల అంచుల్నీ పట్టి దగ్గరికి లాగుతున్నాయి, ఇంకొన్ని చీమలు తెల్లటి పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి ఈ ఆకుకోసారి ఆ ఆకుకోసారి ఆనిస్తున్నాయి. ఆ పురుగు నోట్లోంచి వచ్చే సన్నటి పట్టుదారంతోనే ఆకులు అతుక్కుంటాయంట! పుట్టి పెరిగింది ఇక్కడే, నాకే తెలీదు. ఒక బాబుని మెడ మీద గట్టిగా కుట్టింది, ఏడ్చాడు, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు.

లెక్కలు కూడా అక్కడే. కిలోకి జీడిపిక్కలు ఎన్ని తూగుతాయో చెప్పమంటే పిల్లలు యాభై అన్నారు, తక్కెడేసి చూస్తే 180 దాటింది. మనం పండు అనేది నిజానికి ఉబ్బిన కాడ అని, కింద వేలాడే పిక్కే అసలు కాయ అని ఆరోజే తెలిసింది వాళ్ళకి. పచ్చిపిక్క చేత్తో ముట్టుకోనివ్వరు, జీడి అంటితే చర్మం పొక్కిపోద్ది కాబట్టి తూచేటప్పుడు అందరికీ గ్లౌజులు ఇచ్చారు.

భయాల సంగతి కూడా చెప్పాలి, ఉద్దానం వైపు తోటలంటే ఎలుగుబంట్లు గుర్తురాకుండా ఉండవు, జీడిపళ్ళు, పనసపళ్ళు పండే రోజుల్లో మరీను. వీళ్ళు ఊరికి ఆనుకున్న తోటే తీసుకున్నారు, కొండ వైపు అస్సలు పోనివ్వరు, ఎండ మరీ ముదరకముందే ముగించేస్తారు. పిల్లలు దిగేముందు ఒకాయన కర్రతో తోటంతా తట్టుకుంటూ తిరిగొస్తాడు, బూట్లు లేకపోతే లోపలికి పంపరు. పాము కరిస్తే కట్లు కట్టకుండా, కోయకుండా, కదలనివ్వకుండా సీదా టెక్కలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని ఆయాతో సహా అందరికీ నేర్పారు. ఇది నాకు బాగా నచ్చింది.

ఇక నచ్చనివి. బాత్రూం అంటే నాలుగు కర్రలకి టార్పాలిన్ కట్టి పెట్టారు, నీళ్ళు బకెట్‌లో పోసి ఉంచుతారు, అవీ అయిపోతే అంతే సంగతులు. ఆడపిల్లలు ఉదయం నుంచీ నీళ్ళు తాగడం మానేస్తున్నారు, ఎండాకాలంలో ఇదేం పద్ధతి? అడిగిన ప్రతిసారీ "అయిపోతుంది మేడం" అంటారు. రెండోది, మొదట్లో ఆరేడుగురు పిల్లలకి ఒక టీచర్ ఉండేవారు, పేరు వచ్చాక ఇప్పుడు పన్నెండు మందికి ఒకరు, చీమల దగ్గర కూర్చోబెట్టినట్టు ఇంతమందిని కూర్చోబెట్టలేరు. తేలినీలాపురం పక్షుల దగ్గరికి తీసుకెళ్ళిన రోజు అదే జరిగింది, చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుని బ్రహ్మాండంగా ఉన్నాయి కానీ అంతమందికీ బైనాక్యులర్స్ రెండే, మా పాప వంతు వచ్చేసరికి వ్యాన్ హారన్ కొట్టేశారు.

ఫీజు నెలకి 1500, వ్యాన్ వేరే. వానొచ్చి క్లాస్ పోతే డబ్బులు వెనక్కివ్వరు, అడిగితే వానలో కూడా పెడతాం పంపండి అంటారు. పిడుగులు పడే రోజు తప్ప నిజంగానే పెడతారు, అది వేరే విషయం.

స్కూళ్ళే ఇలాంటివి చేయొచ్చు కదా అంటారా, కొత్త విద్యా విధానం 2020లో బ్యాగ్ లేని పది రోజులు అని పెట్టారు గానీ అది ఆరు నుంచి ఎనిమిది క్లాసులకి, మన చిన్నోళ్ళకి కాదు.

నా రేటింగ్ అయిదుకి మూడున్నర. బాత్రూం కట్టిస్తే నాలుగున్నర ఇస్తా. చేర్చేముందు మీరే ఒక ఆదివారం వెళ్ళి కూర్చోండి, టీచర్‌కి ఎంతమంది పిల్లలున్నారో లెక్కెట్టుకోండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూట్లు, మార్చుకోడానికి ఒక జత, మంచినీళ్ళు ఇంటి నుంచే పంపండి. ఏప్రిల్ నుంచి పొద్దున్న ఆరున్నరకే మొదలెడతారు, శ్రీకాకుళం నుంచైతే ఐదింటికే లేపాలి మరి.