టీసీఈ పట్టిన భూగర్భ జలానికి ఏది మేలు: బాక్టీరియాకు తిండి పెట్టడమా, బయటి నుంచి తెచ్చి వదలడమా, ఇనుప గోడ కట్టడమా?

టీసీఈ, అంటే లోహాల జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం, నేలలోకి దిగిందంటే వదిలించుకోవడం మహా కష్టం. నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి నీటిమట్టాన్ని దాటి కిందికి జారి, ఏ బంకమట్టి పొర మీదో కూర్చుని, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతూనే ఉంటుంది. పంపుతో నీళ్లు తోడి శుభ్రం చేసే పాత పద్ధతి ఇక్కడే దెబ్బతింటుంది. తోడినంత కాలం అంకెలు తగ్గుతాయి, ఆపితే మళ్లీ పెరుగుతాయి. కాలుష్యం పక్కకు పాకకుండా ఆపడానికి పంపు చాలు, నేలను బాగుచేయడానికి చాలదు.

టీసీఈని ఆక్సీకరించి విరగ్గొట్టే పర్మాంగనేట్ అనే రసాయనం పోస్తే పని త్వరగా అవుతుంది, కాదనను. కానీ మట్టిలోని సేంద్రియ పదార్థమే దాన్ని చాలావరకు తినేస్తుంది, పైగా ఆక్సిజన్ పడని బాక్టీరియాకు ఆ చోటు కొన్నాళ్లు పనికిరాకుండా పోతుంది.

ఇక నేలలో ఉన్న బాక్టీరియాకే తిండి పెట్టడం. లాక్టేట్, మొలాసిస్ (చెరకు మడ్డి), నీళ్లలో కలిసేలా చేసిన నూనె ఇలాంటివి బోర్లలోంచి పంపిస్తే అవి పులిసి హైడ్రోజన్ వస్తుంది. ఆ హైడ్రోజన్‌తో డీహాలోకాకాయిడీస్ అనే బాక్టీరియా, మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్టే, క్లోరిన్ ఉన్న అణువులను శ్వాసకు వాడుకుంటుంది. టీసీఈ నుంచి డైక్లోరోఇథిలీన్, దాన్నుంచి వినైల్ క్లోరైడ్, చివరికి క్లోరిన్ లేని ఇథిలీన్. నాకైతే మొలాసిస్ కంటే నూనే నయం, ఎందుకంటే హైడ్రోజన్ నెమ్మదిగా వస్తే మీథేన్ చేసే సూక్ష్మజీవులు దాన్ని ఎక్కువగా కాజేయలేవు, మనక్కావలసిన బాక్టీరియా మాత్రం చాలా తక్కువ హైడ్రోజన్‌తోనూ బతుకుతుంది.

చిక్కల్లా ఏమిటంటే డైక్లోరోఇథిలీన్ దాకా చాలా రకాల బాక్టీరియా పని చేస్తాయి, అది దాటితే మాత్రం దాదాపు డీహాలోకాకాయిడీస్ ఒక్కటే దిక్కు. అది లేనిచోట ఎంత తిండి పోసినా కథ మధ్యలోనే ఆగిపోతుంది. వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగితే మరీ ప్రమాదం, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన పదార్థం అది, అమెరికా తాగునీటి ప్రమాణంలో టీసీఈకి లీటరుకు 5 మైక్రోగ్రాములు అనుమతిస్తే దీనికి 2 మాత్రమే. టీసీఈ తగ్గింది కదా అని రిపోర్టు చూసి సంబరపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

అందుకే ఆ బాక్టీరియాను బయటి నుంచి తెచ్చి వదలడం. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో ప్రకటించిన స్ట్రెయిన్ 195 అనే డీహాలోకాకాయిడీస్ రకం మురుగునీటి శుద్ధి కేంద్రం బురద నుంచి దొరికింది. ఇథిలీన్ దాకా తీసుకెళ్లగలదు గానీ వినైల్ క్లోరైడ్ మీద దానికి శక్తి రాదు, ఆఖరి మెట్టు నత్తనడకే. తర్వాత దొరికిన బీఏవీ1, వీఎస్ లాంటి రకాలు వినైల్ క్లోరైడ్‌తోనే పెరుగుతాయి. కాబట్టి బాక్టీరియా ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు, వినైల్ క్లోరైడ్‌ను విరగ్గొట్టే వీసీఆర్ఏ, బీవీసీఏ జన్యువులు ఉన్నాయా అని నీటిని పరీక్షించాలి. లీటరుకు కోటి కాపీల పైన ఉంటే తిండి పెడితే చాలు. అస్సలు కనబడకపోతే వాటి కోసం ఎదురుచూడకుండా తెచ్చి వదలడమే మేలు, కాకపోతే ముందు తిండి పెట్టి ఆక్సిజన్ పూర్తిగా పోయాకే వదలాలి, లేదంటే చచ్చిపోతాయి. పీహెచ్ 6 కంటే తగ్గినా, పక్కన క్లోరోఫామ్ ఉన్నా పని మందగిస్తుంది, ఆ రెండూ ముందే సరిచూసుకోవాలి.

ఇక ఇనుప రజను గోడ, అంటే నీరు పారే దారికి అడ్డంగా కందకం తవ్వి ఇనుప రజను నింపడం. దీనికి ప్రాణుల గొడవ లేదు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 1994 నుంచే వాడారు. ఇనుము దగ్గర టీసీఈ ఎక్కువగా ఎసిటిలీన్ దారిన పోతుంది కాబట్టి వినైల్ క్లోరైడ్ తక్కువే. అయితే తనలోంచి పారిన నీటినే శుభ్రం చేస్తుంది, లోతు పెరిగేకొద్దీ తవ్వడం కష్టం, కార్బొనేట్లు పేరుకుని పూడుకుపోతుంది కూడా. సరిహద్దు దగ్గర, పక్కనే తాగునీటి బావి ఉన్నచోట నేను గోడకే ఓటేస్తాను, కాలుష్యం పుట్టిన చోట మాత్రం బాక్టీరియాకే.

ఏది ఎంచుకున్నా ఫలితాన్ని మైక్రోగ్రాముల్లో కాకుండా మోల్స్‌లో, అంటే బరువును బట్టి కాక అణువుల సంఖ్యను బట్టి, లెక్కేయండి. టీసీఈ అణుభారం 131, వినైల్ క్లోరైడ్‌ది 62.5, ఇథిలీన్‌ది 28. టీసీఈ అంతా వినైల్ క్లోరైడ్‌గా మారి అక్కడే ఆగినా, ఏదీ పూర్తిగా విరగకుండానే బరువు సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. బాక్టీరియా పెట్టిన చోట ఇథిలీన్‌ను కూడా కొలవమని ల్యాబ్‌కు మొదటి శాంపిల్ నుంచే చెప్పండి, చాలా పరీక్షల జాబితాల్లో అది ఉండదు.