పిల్లల పళ్లు జివ్వుమంటే ఏది మేలు: సెన్సిటివ్ పేస్టా, మామూలు ఫ్లోరైడ్ పేస్టా, డాక్టర్ పళ్లకి పూసే వార్నిషా?

ముందే చెప్పేస్తాను. ఆరేడేళ్ల పిల్లలకి చల్లటివి తగిలితే పన్ను జివ్వుమంటోందని మెడికల్ షాపుకెళ్లి, పెద్దవాళ్లు వాడే సెన్సిటివ్ పేస్టు తెచ్చి రుద్దించడానికి ఈ మూడింట్లో నేనిచ్చేది ఆఖరి స్థానమే. ఆ పేస్టు చెడ్డదని కాదు, పెద్దవాళ్ల సమస్య వేరు, పిల్లల సమస్య వేరు. మనకి చిగుళ్లు కిందికి జారి, గట్టిగా రుద్ది రుద్ది పళ్ల మొదళ్లు అరిగి జివ్వుమంటుంది. పిల్లల్లో ఎక్కువగా పుచ్చు పన్నో, సరిగ్గా గట్టిపడకుండానే వచ్చిన దవడ పన్నో, పులుపూ కూల్‌డ్రింకులూ పైపొరని తినేయడమో ఉంటుంది.

బెంగళూరులో డిసెంబరు, జనవరి వచ్చాయంటే ఈ గొడవ మరీ ఎక్కువ. రాత్రంతా అపార్ట్‌మెంట్ ట్యాంకులో చల్లబడిన నీళ్లు, పొద్దున్నే స్కూలు బస్సు హడావుడిలో నోట్లో పోసుకుని పుక్కిలించగానే పిల్లలు చెంప పట్టుకుంటారు. కొందరు నోరు తెరిచి చెప్పరు కూడా. ఒక పక్కే నములుతారు, ఐస్‌క్రీం కొరక్కుండా నాకుతారు, బ్రష్షుని ఆ మూలకి పోనివ్వరు. మా చిన్నాడైతే మెత్తటి ఇడ్లీ కూడా ఎడమ పక్కకే తోసుకుని నమిలేవాడు. బ్రష్ తగలని చోట గార పడుతుంది, గార పడితే చిగురు వాస్తుంది, అప్పుడు బ్రష్ పెడితే రక్తం, రక్తం చూసి ఇంకా భయం. అందుకే పుక్కిలించడానికి గోరువెచ్చటి నీళ్లివ్వడం చిన్న పనే అయినా దాన్ని తీసిపారేయొద్దు.

లోపల జరిగేది ఇది. పన్ను పైన ఎనామిల్, దాని కింద డెంటిన్. డెంటిన్ నిండా కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. పైపొర పోయినా పలచబడినా, చల్లదనమో తీపో తగలగానే ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని కదుపుతుంది. పాలపళ్ల ఎనామిల్ అసలే పలచన.

ఏది వాడాలో తేల్చుకునే ముందు ఫోన్ టార్చి వేసి నోట్లోకి ఒకసారి చూడండి. ఆరేళ్ల వయసులో చివరి పాలపన్ను వెనకాల కొత్తగా ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అది పాలపన్నే అనుకుని వదిలేసే ఇళ్లు చాలా ఉంటాయి, కానీ అది జన్మంతా ఉండాల్సిన పన్ను. దాని మీద గీత గీసినట్టు అంచు తెలిసేలా తెల్లగానో, మీగడ రంగులోనో, పసుపు గోధుమ రంగులోనో మచ్చ ఉందా? ఉంటే అది ఎంఐహెచ్ (మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్) కావచ్చు. పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ సరిగ్గా గట్టిపడకపోవడం అన్నమాట. డాక్టర్లు ఈ పేరు పెట్టింది 2001లో. ఈ పళ్లకి చల్లగాలి తగిలినా, బ్రష్ ఆనినా ప్రాణం లాగేస్తుంది. పైగా నమిలే ఒత్తిడికి ముక్కలు ముక్కలుగా రాలతాయి. దీనికి చాక్లెట్లు తినడం కారణం కాదు, పిల్లల్ని తిట్టి లాభం లేదు.

నల్లగానో గోధుమ రంగులోనో గుంట కనపడిందంటే అది పుచ్చు, ఇక పేస్టుల గురించి చదవడం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లడమే. ఊగుతున్న పాలపన్ను చుట్టూ నొప్పో, కొత్త దవడ పన్ను మీద చిగురు మడత వాచడమో అయితే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది.

ఇక సెన్సిటివ్ పేస్టు. వీటిలో చాలావాటిలో పనిచేసేది 5 శాతం పొటాషియం నైట్రేట్. అది నరాన్ని శాంతపరుస్తుంది, కన్నాన్ని పూడ్చదు. అదీ రోజుకి రెండుసార్లు చొప్పున రెండు మూడు వారాలు వాడితే గానీ తేడా తెలియదు. ఇలాంటి ట్యూబుల మీద 12 ఏళ్ల లోపు పిల్లలకి డెంటిస్ట్‌ని అడక్కుండా వాడొద్దని రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. నాకున్న అసలు అభ్యంతరం వేరే. ఈ పేస్టుతో జివ్వు కాస్త తగ్గిందంటే మనం ఊరుకుంటాం, కింద పుచ్చు మాత్రం ఊరుకోదు. పాలపన్నులో అది నరం దాకా పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లకి, డాక్టర్ చూసి పుచ్చు లేదని చెప్పాక, వాడితే వాడండి.

మామూలు ఫ్లోరైడ్ పేస్టు. రోజువారీకి నా ఓటు దీనికే, కాకపోతే ట్యూబు వెనక చూసి కొనాలి. స్ట్రాబెర్రీ రుచి, కార్టూన్ బొమ్మ ఉన్న పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో ఫ్లోరైడ్ అసలుండదు, కొన్నిటిలో 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500 భాగాలు) దగ్గరే ఉంటుంది. కావాల్సింది 1000 పీపీఎం. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. బ్రష్ నిండా పాములా పిండేది ప్రకటనల్లోనే, ఇంట్లో అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు తోమించి, ఉమ్మించి, నీళ్లతో గడగడా కడిగేయకుండా వదిలేస్తే ఆ ఫ్లోరైడ్ పళ్ల మీద కాసేపు నిలుస్తుంది. నీళ్లే వద్దంటే చల్లనీళ్లకి భయపడే పిల్లలకి కూడా సుఖమే కదా!

ఇక్కడే మనవాళ్లకో పెద్ద టెన్షన్ ఉంది. హోరమావులో మా ఎదురింటి అమ్మాయి ఒకరోజు అడిగేసింది, "అక్కా, మాది కనిగిరి వైపు, ఫ్లోరైడ్ నీళ్లకి మచ్చలు పడ్డ మా నాన్న పళ్లు మీరు చూశారుగా, మళ్లీ ఫ్లోరైడ్ పేస్టు కొనమంటారేంటి?" అని. నల్గొండ వాళ్లయినా ఇదే అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. కానీ లెక్క చూడండి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బఠాణీ గింజంత అంటే దాదాపు పావు గ్రాము, మొత్తం మింగేసినా పావు మిల్లీగ్రాము. తాగే నీళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దే లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, మన ఊళ్ల బోర్లలో ఆ హద్దు దాటిపోయి ఏళ్ల తరబడి తాగిన నీళ్లది ఆ మచ్చ. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పడే ఈ మచ్చ, పన్ను లోపల తయారవుతున్నప్పుడు వస్తుంది, నోట్లోకి వచ్చేసిన పన్నుకి రాదు. అందుకే చిన్నపిల్లలు మింగకుండా చూడాలి, కొలత తగ్గించాలి, అంతేగానీ మానేయక్కర్లేదు. బెంగళూరులో కూడా కావేరి నీళ్లు రాని లేఅవుట్లలో బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో ఫిల్టర్ లేకుండా తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించుకుని డాక్టర్‌కి చెప్పండి. ఇంకో తేడా కూడా చూడొచ్చు. ఫ్లోరోసిస్ మచ్చలు సాధారణంగా రెండు పక్కలా ఒకేలా, చాలా పళ్ల మీద, అంచు తెలియకుండా కలిసిపోయి ఉంటాయి. ఎంఐహెచ్ మచ్చ ఆ ఆరేళ్ల దవడ పళ్ల మీద, ఒక్కోసారి ముందు పళ్ల మీద, ఒక పక్క ఉండి ఇంకో పక్క లేకుండా కూడా ఉంటుంది.

వార్నిష్ సంగతి. ఇది ఇంట్లో వేసుకునేది కాదు. డాక్టర్ పళ్లు తుడిచి చిన్న బ్రష్షుతో పూస్తారు, ఉమ్ము తగలగానే అతుక్కుంటుంది, అయిదు నిమిషాల పని. సూది లేదు, మెషీన్ లేదు, అందుకే కుర్చీ ఎక్కనని మొండికేసే పిల్లలతో కూడా అయిపోతుంది. 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం. అంకె చూసి గుండె ఆగిపోతుంది గానీ వేసేది కొన్ని చుక్కలే. ఆ పూట గట్టివీ వేడివీ పెట్టకూడదు, డాక్టర్ చెప్పినన్ని గంటలు బ్రష్ చేయకూడదు. పళ్లు కాస్త పసుపుగా కనిపిస్తాయి, తర్వాత తోమితే పోతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ వేయించాలి. తెల్ల మచ్చలున్న పళ్లకి, ఇప్పుడిప్పుడే వస్తున్న దవడ పళ్లకి సెన్సిటివ్ పేస్టు కన్నా ఇది ఎంతో మేలని నా అభిప్రాయం. పన్ను అప్పటికే రాలుతుంటే మాత్రం వార్నిష్ సరిపోదు. గ్లాస్ అయనోమర్ సిమెంటుతో కప్పడమో, బాగా విరిగితే స్టీలు క్యాప్ వేయడమో చేస్తారు. స్టీలు క్యాప్ అనగానే మొహం చిట్లించే అమ్మమ్మలుంటారు, దవడ చివరి పన్ను ఎవరికి కనపడుతుందండీ!

పాల ప్రోటీన్‌తో చేసే టూత్ మూస్ అనే క్రీము కూడా కొందరు డాక్టర్లు రాస్తారు. పాలు పడని పిల్లలకి అది వద్దు.

లవంగ నూనె గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. పెద్దవాళ్లు దూదితో పెట్టుకుంటారేమో గానీ చిన్నపిల్లలకి వద్దే వద్దు, చిగురు కాలుతుంది, మింగితే ప్రమాదం కూడా. బొగ్గు పొడి, ఉప్పు, ఎర్ర పళ్లపొడి జివ్వుమనే పన్ను మీద రుద్దడమంటే ఉన్న పొరని కూడా గీకేయడమే. నిమ్మ సోడానో కూల్‌డ్రింకో తాగిన వెంటనే బ్రష్ చేయించడం కూడా మంచిది కాదు, నీళ్లు తాగించి కనీసం అరగంట ఆగండి.

ఈ పోలికలన్నీ చల్లటిది తగిలి క్షణాల్లో తగ్గిపోయే జివ్వుకే. ఏమీ తగలకుండానే నొప్పి వస్తున్నా, రాత్రి నిద్రలో లేచి ఏడుస్తున్నా, వేడి తగిలి చాలాసేపు లాగుతున్నా నరం దాకా వెళ్లిందేమో చూపించాలి, వారం తర్వాత అపాయింట్‌మెంట్ అంటే ఒప్పుకోవద్దు. చెంప వాచి జ్వరం కూడా వస్తే ఆ రోజే వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ఖర్చు ఆలోచించేవాళ్లకి బెంగళూరులో కేఆర్ మార్కెట్ దగ్గర విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, పిల్లల పళ్ల విభాగాన్ని పీడోడాంటిక్స్ అంటారు, అలా అడిగితే దారి చూపిస్తారు. మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి, పిల్లాడికి స్కూలు ఎగ్గొట్టక తప్పదు. ఆఫీసయ్యాక సాయంత్రం వెళ్లాలంటే ఇంటి దగ్గరి క్లినిక్కే దిక్కు, అక్కడ పిల్లల స్పెషలిస్టు వారంలో ఒకటి రెండు రోజులే వస్తుండొచ్చు, ఏ రోజో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.