పాంగోట్ పెరటి పిట్టలు: వేసవి చివర ఎక్కడ దిగాలి

మే నెలాఖరు, జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లో నైనీతాల్ కొండల్లోని పాంగోట్ ఊరికి పిట్టలు చూడ్డానికి వెళ్లేవాళ్లు గది బుక్ చేసే ముందు ఫోన్లో అడగాల్సింది ఒక్కటే: "పెరట్లో పిట్టలకు నీళ్లు పెడుతున్నారా?" మంచుకొండలు కనిపించే పైఅంతస్తు గదికి ఎక్కువ డబ్బు పోయడం ఈ రోజుల్లో దండగ. చీర్ పైన్ అడవుల మంటల పొగకు ఎండ మసక తోడై చాలా రోజులు నందాదేవి శిఖరం జాడే ఉండదు. పైగా అప్పటికి ఊటలు సన్నబడతాయి, పిట్టలు నీళ్లున్న చోటికే దిగుతాయి. పెరటివైపు తలుపున్న కింది గది తీసుకోండి.

కాఠ్‌గోదాం దాకా రైలు, అక్కణ్ణుంచి కారు. నైనీతాల్ దాటాక కిల్‌బరీ అడవి మీదుగా పాంగోట్ 15 కిలోమీటర్లు. శని, ఆదివారాల్లో నైనీతాల్ దగ్గర బళ్లు బారులు తీరతాయి కాబట్టి ప్రయాణం వారం మధ్యలో పెట్టుకోవాలి.

పొద్దున ఐదుంపావుకల్లా పెరట్లో కుర్చీలో ఉండాలి. చాలాచోట్ల టీ ఏడింటికి గానీ రాదు, ఫ్లాస్కులో పోసి ఇమ్మని రాత్రే చెప్పండి. పిట్టల నీళ్లతొట్టికి ఐదు మీటర్ల దూరంలో, గోడకు ఆనుకుని కూర్చుంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 బైనాక్యులర్స్ చాలు. హిమాలయన్ బుల్బుల్ మన పికిలిపిట్ట లాంటిదే. కాకపోతే జుట్టు ముందుకు వంగి ఉంటుంది, బుగ్గలు తెల్లగా, తోక మొదట్లో ఎరుపు బదులు పసుపు. అంచు మీద వాలి, అటూ ఇటూ చూసి, ముక్కు ముంచి, తలెత్తి మింగుతుంది. కాకి జాతి నల్లతల జే వచ్చిందా, చిన్నవన్నీ పొదల్లోకే! అది లేచిపోయాక ఒక్కొక్కటే తిరిగొస్తాయి. కాఫల్ అనే కొండపళ్లు పండే కాలం గనక ఆ చెట్లమీద గ్రేట్ బార్బెట్‌నూ వెతకండి. మన కంసాలిపిట్టకు పెద్దన్న అది.

తొట్టి లోతు రెండంగుళాలు మించితే చిన్నపిట్టలు దిగవు, మధ్యలో ఓ గరుకురాయి వేయించండి. నీళ్లు రోజూ మార్చాలి. పొదకు మరీ దగ్గరగా పెడితే పిల్లి పొంచి పడుతుంది, రెండు మీటర్ల ఎడం ఉండాలి. బిస్కెట్లు, ఉప్పు మిక్చరు వేయకండి.

పెరటికి గైడ్ అక్కర్లేదు. చీర్ ఫెజెంట్ అనే కోడి జాతి పక్షి కోసం వినాయక్ అనే చోటి వైపు వెళ్లేటప్పుడు మాత్రం తప్పనిసరి. కారు ఖర్చు ఆయన రేటులో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి. ఇది గూళ్ల కాలం, ఫోన్లో కూతలు మోగించి పిట్టల్ని రప్పించే గైడ్‌ను ఒప్పుకోవద్దు.

ఇదే కొండల్లోని సరస్సుల చోటు సాత్‌తాల్ ఎత్తు 4,500 అడుగులే, ఉక్కగా ఉంటుంది. అక్కడి వాగు పక్క 'స్టూడియో' అని పిలిచే చోటు ఫొటోలవాళ్లకు మంచిదే గానీ, తీరిగ్గా కూర్చోవడానికి పాంగోటే నయం. జూన్ చివర్లో వానలు పడితే ఎక్కడపడితే అక్కడ నీళ్లే, తొట్టి దగ్గర సందడి పలచబడుతుంది. టికెట్లు జూన్ 15 లోపే చూసుకోండి.