సాన్ పోల్ ద వాన్స్‌లో అమ్మతో ఒక రోజు

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరం నుంచి బస్సులో గంట. చుట్టూ కోటగోడతో కొండ మీద ఊరు కనబడగానే అమ్మ "అంత పైకా!" అంది. బస్సు ఊరి గుమ్మం దాకా వెళ్తుందని చెప్తే గానీ కుదుటపడలేదు.

గోడ లోపలే ఒక రాత్రికి గది తీసుకున్నాం. లోపలికి కార్లు రావు. గులకరాళ్ళు పువ్వుల్లా పరిచిన సందులు ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటాయి, సూట్‌కేసు లాగేవాళ్ళకే తెలుస్తుంది వాటి సంగతి. గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. ఆ ముక్క బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. ఐదు మెట్లకోసారి ఆగుతూ అమ్మ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అదే డబ్బుతో నీస్‌లో రెండు రాత్రులు గడిచేవి. కాకపోతే సాయంత్రం టూరిస్టులంతా దిగిపోయాక ఊరు మనదే. మోకాళ్ళు బాగుంటే ఒక రాత్రి ఉండండి, లేదంటే పొద్దున్నే వచ్చి వెళ్ళిపోండి.

ప్రధాన వీధి రూ గ్రాంద్ నిండా గ్యాలరీలే. సగం నాకు సావనీర్ షాపుల్లాగే అనిపించాయి. లా కొలొంబ్ దోర్ హోటల్‌ని మాత్రం బయటి నుంచే చూశాం. అప్పట్లో దాని యజమాని పోల్ రూ భోజనానికీ బసకీ బదులు చిత్రకారుల దగ్గర బొమ్మలు తీసుకునేవాడట. మేం తిన్నది వేరేచోట. సలాడ్ కదా, శాకాహారమే అనుకున్నాం. పైన చేప ముక్కలు! మర్నాడు నీస్‌లో సొక్కా దొరికాక అమ్మ శాంతించింది. అచ్చం మన శనగపిండి అట్టే.

అసలు చూడాల్సింది ఊరి బయట, పావుగంట నడక దూరంలో ఉన్న ఆధునిక కళల మ్యూజియం, మేగ్ ఫౌండేషన్. దారి ఎత్తే, కానీ చెట్ల నీడ ఉంది. 1964లో తెరిచిన ఈ మ్యూజియం కట్టడం ఆర్కిటెక్ట్ హొసే లూయిస్ సెర్ట్‌ది. స్పెయిన్ కళాకారుడు మీరో శిల్పాలు తోటలో మెలికల దారి పొడవునా నిలబడి ఉంటాయి, ఫ్రెంచ్ చిత్రకారుడు బ్రాక్ చేసిన చేపలు నీటి అడుగున మొజాయిక్‌లో ఈదుతుంటాయి. ముంగిట్లో శిల్పి జకోమెత్తి చేసిన కంచు మనుషులు, పుల్లల్లా, పొడుగ్గా. అమ్మ ఒక బొమ్మ చుట్టూ తిరిగి, "ఏంట్రా, ఇంత చిక్కిపోయారు?" అంది. పక్కనున్న ఫ్రెంచ్ ఆవిడకి ఏం అర్థమైందో, ఆవిడా నవ్వింది. టికెట్ ఖరీదైనదే, అయినా రెండు గంటలు తెలియకుండా గడిచాయి.

తిరిగొస్తూ ఊరి చివర శ్మశానంలో చిత్రకారుడు షాగాల్ సమాధి చూశాం. దాదాపు ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉండి, 1985లో పోయాడు. సాదా రాతిపలక, మీద జనం పెట్టిన గులకరాళ్ళు. యూదుల ఆచారమని చెప్తే అమ్మ కూడా ఒకటి ఏరి పెట్టింది.

సాయంత్రం బస్సుకి కాస్త ముందే వెళ్ళండి. మేం ఆలస్యంగా వెళ్ళి, నేను నీస్ దాకా నిలబడే వచ్చాను. అమ్మకి మాత్రం ఒక కుర్రాడు లేచి సీటిచ్చాడు.