పెట్రోల్ పోల్ సా: నాలుగు మామిడి సీజన్లు వాడాక

కొమ్మలు కొట్టే పెట్రోల్ పోల్ సా, అంటే పొడుగాటి గొట్టం చివర చిన్న చైన్ రంపం తల ఉండే మెషీన్, కొనడానికి వెళ్ళినవాళ్ళు మొదట అడిగేది ‘ఎన్ని సీసీ?’ అని. షాపువాళ్ళూ 52, 63 అంటూ పెద్ద అంకెలే ముందు చెబుతారు. వాడకంలో తేలేది వేరు. ఇంటి దొడ్లో చెట్లకు 25 నుంచి 35 సీసీ ఇంజిన్ చాలు. 10 అంగుళాల బార్‌తో (చైన్ చుట్టూ తిరిగే పలక) ఐదారు అంగుళాల మామిడి కొమ్మ తెగడానికి అంతకుమించిన బలం అక్కర్లేదు. మనిషిని అలసగొట్టేవి, పని చెడగొట్టేవి మూడు: గొట్టం చివర తల బరువు, మధ్య జాయింటులో వదులు, చైన్‌కు నూనె సరిగా అందకపోవడం. ఈ మూడింటిలో ఏదీ డబ్బా మీద రాసి ఉండదు.

ఇక్కడ చెప్పేది 35 సీసీ ఫోర్-స్ట్రోక్ బ్రష్ కట్టర్ (గడ్డి, పొదలు కోసే మెషీన్) ఇంజిన్, 28 మి.మీ. గొట్టం, దానికి తగిలించే 10 అంగుళాల పోల్ సా తల, 80 సెం.మీ. ఎక్స్‌టెన్షన్ ఉన్న సెట్టు గురించి. పోలిక కోసం 52 సీసీ టూ-స్ట్రోక్ కిట్ కూడా అదే దొడ్లో, అవే చెట్ల మీద నడిచింది: మామిడి, వేప, నేరేడు, చింత, మునగ.

ముందు ఎత్తు సంగతి. ‘15 అడుగులు అందుతుంది’ అన్న ప్రకటనల్లో మెషీన్‌ని నిట్టనిలువుగా పట్టుకున్న లెక్క ఉంటుంది. అలా పట్టుకుంటే తెగిన కొమ్మ నేరుగా నెత్తిమీదికే వస్తుంది. గొట్టం నేలకు 60 డిగ్రీలు దాటి లేవకూడదన్నది పేరున్న కంపెనీల మాన్యువళ్ళలో కనిపించే నియమం. దాని ప్రకారం లెక్కేస్తే, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 3.4 మీటర్ల పొడవున్న మెషీన్ నిలువులో ఇచ్చేది దాదాపు 2.9 మీటర్లు. ఇంజిన్ నడుము దగ్గర ఉంటుంది కాబట్టి ఇంకో మీటరు కలుపుకోండి. అంటే 4 మీటర్లకు కొంచెం అటూఇటూ, మన లెక్కలో 13 అడుగులు. డాబా మీదికి వాలిన కొమ్మలకు ఇది సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా పైకి కావాలని నిచ్చెన ఎక్కడం, పిట్టగోడ మీద నిలబడటం మాత్రం వద్దు. చైన్ పట్టినప్పుడు మెషీన్ ముందుకు లాగుతుంది, కొమ్మ తెగగానే గొట్టం ఒక్కసారిగా తేలికై కిందికి జారుతుంది. ఆ రెండు కుదుపులకూ కాళ్ళ కింద గట్టి నేల ఉండాలి.

ఎక్స్‌టెన్షన్ ఎప్పుడూ తగిలించి ఉంచకండి. దాని సొంత బరువు కిలో దగ్గరే అయినా, ఆ చివరనున్న తల మరో 80 సెం.మీ. దూరం జరిగేసరికి భుజానికి రెట్టింపు బరువులా తగులుతుంది. కింది కొమ్మలన్నీ పొట్టి గొట్టంతో ముగించి, చివర్లో ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పది, పదిహేను నిమిషాలు నిలకడగా పని చేయొచ్చు. ఒంటి భుజం బెల్టు కంటే రెండు భుజాల బెల్టు మేలు. కిట్‌తో వచ్చేది సాధారణంగా పనికిరాదు.

ఇక జాయింటు. బ్రష్ కట్టర్ ఉన్నవాళ్ళు తల ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు, కానీ రెండు కొలతలు కలవాలి. గొట్టం బయటి వ్యాసం 26 మి.మీ.నా, 28 మి.మీ.నా? లోపల తిరిగే కడ్డీకి 9 పళ్ళా, 7 పళ్ళా, లేక చదరపు మొనా? రెండూ చూసుకోకుండా కొన్నవాళ్ళు గొట్టానికి రేకు చుట్టి బిగించడం మామూలైపోయింది. అలా బిగిస్తే కడ్డీ పూర్తిగా లోపలికి దిగదు. పళ్ళ చివరలే పట్టుకుని తిరిగి, కొద్ది గంటల్లో గుండ్రంగా అరిగిపోతాయి. ఆ తర్వాత ఇంజిన్ గోల చేస్తుంది గానీ చైన్ తిరగదు. తగిలించేటప్పుడు తలను కొంచెం అటూఇటూ తిప్పుతూ లోపలికి తోయాలి. స్ప్రింగ్ బటన్ రంధ్రంలోకి ‘టక్’మని పడితేనే కడ్డీ కూర్చున్నట్టు. ఆ తర్వాతే పిడి బోల్టు బిగించాలి. షాపులోనే తలను ఒక చేత్తో, ఇంజిన్ వైపు గొట్టాన్ని ఇంకో చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి. కొత్తదానిలోనే వదులు తెలుస్తుంటే ఆ జాయింటు రెండో సీజన్ చూడదు.

టూ-స్ట్రోకా, ఫోర్-స్ట్రోకా అన్నదానికి మా ఓటు ఫోర్-స్ట్రోక్‌కే. అది గొప్ప ఇంజిన్ అని కాదు, పొగ తక్కువ, పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని లేదు. క్రాంక్‌కేసులో 10డబ్ల్యూ-30 ఆయిల్ 100 మి.లీ. పడుతుంది. మొదటి మార్పు 10 గంటలకు, తర్వాత 50 గంటలకోసారి. దీని బలహీనత పడుకోబెట్టడంలో ఉంది. పని మధ్యలో తప్పు పక్కకు పడేస్తే ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి పాకుతుంది, మళ్ళీ స్టార్ట్ చేసేసరికి తెల్లని పొగ. పెట్రోల్ ట్యాంకు కిందికి ఉండేలా నిలబెట్టాలి.

టూ-స్ట్రోక్ అయితే లీటరుకు ఎంత ఆయిల్ అన్నది మెషీన్ మాన్యువల్ చెప్పినట్టే. 50:1 అంటే 20 మి.లీ., 40:1 అంటే 25 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. కొలత గ్లాసుతో పోయాలి, ‘ఒక మూత’ లెక్క పనికిరాదు. ఇంట్లో రెండు రకాల ఇంజిన్లూ ఉంటే క్యాన్ల మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఉత్త పెట్రోల్ పడిన టూ-స్ట్రోక్ కొద్ది నిమిషాల్లో పిస్టన్ పట్టేసి ఆగిపోతుంది. తిరిగి బాగుచేయించే ఖర్చుకు చాలా వరకు కొత్త ఇంజిన్ వచ్చేస్తుంది.

ఈ మధ్య వస్తున్న కార్బురేటర్ గొడవల్లో చాలావాటికి మూలం ఈ20 పెట్రోల్. 20 శాతం ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో వారాల తరబడి నిలవ ఉంటే నీరు, ఇథనాల్ విడిపోయి అడుగున చేరతాయి. పాత రకం రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసే ముందు నొక్కే రబ్బరు బుడ్డ) పగులుతుంది, కార్బురేటర్ డయాఫ్రం బిరుసెక్కుతుంది. పెట్రోల్ వస్తున్నట్టే ఉంటుంది, వేగం ఇస్తే మాత్రం గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. దీనికి మందు ఒక్కటే. ఆ రోజు పనికి సరిపడా పోసుకుని, పని అయ్యాక ట్యాంకు వంచేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపడం. రెండు వారాలకు మించి ఆపితే ట్యాంకులో చుక్క ఉండకూడదు. కొన్నప్పుడే రెండు ప్రైమర్ బల్బులు, పెట్రోల్ గొట్టాల జత, ట్యాంకు లోపలి ఫిల్టర్ తీసిపెట్టుకుంటే సీజన్ మధ్యలో తిరిగే పని తప్పుతుంది.

స్టార్ట్ కాక ప్లగ్ తడిసిపోతే తాడు లాగుతూనే ఉండొద్దు. ప్లగ్ విప్పి తుడిచి, చోక్ పూర్తిగా తెరిచి, ఐదారు సార్లు లాగి, ప్లగ్ ఆరాక బిగించండి. ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి. ఇంకో విషయం: యాక్సిలరేటర్ వదిలేసినా చైన్ తిరుగుతూ ఉంటే ఐడిల్ స్క్రూ ఎక్కువ బిగిసి ఉంది, లేదా క్లచ్ స్ప్రింగ్ తెగింది. అది సరిచేయకుండా చెట్టు దగ్గరికి వెళ్ళకూడదు.

అసలు సమీక్ష చైన్ దగ్గరే మొదలవుతుంది. ఈ తలలకు ఎక్కువగా వచ్చేది 3/8 లో-ప్రొఫైల్ చైన్, 1.3 మి.మీ. మందం. ‘10 అంగుళాల చైన్’ అని అడిగితే షాపులో తప్పుది అంటగడతారు. 10 అంగుళాల బార్లకు 39 లింకులవీ ఉన్నాయి, 40 లింకులవీ ఉన్నాయి. బార్ గాడిలో నడిచే లింకులు లెక్కపెట్టి, ఆ అంకె చెప్పండి. చైన్ బిగువు సరిగ్గా ఉందంటే బార్ కింద వేలాడకూడదు, చేతి తొడుగుతో లాగితే హాయిగా తిరగాలి. కొత్త చైన్ మొదటి పావుగంటలోనే సాగుతుంది. రెండు మూడు సార్లు ఆపి బిగించుకోవాల్సిందే. వేడిగా ఉన్నప్పుడు గట్టిగా బిగిస్తే చల్లారాక బార్‌ని పట్టేస్తుంది.

పదును తగ్గిందని తెలిసేది పొట్టును చూసి. పలకలుగా, చిన్న చిప్పల్లా రాలితే పదునున్నట్టు. పిండిలా రాలితే పళ్ళు మొద్దుబారినట్టు. అప్పుడు కొమ్మ మీద నొక్కుతాం, నొక్కితే బార్ కాలుతుంది, క్లచ్ కాలుతుంది. 4 మి.మీ. గుండ్రటి ఆకురాయితో 30 డిగ్రీల కోణంలో, ఒక్కో పంటికి రెండు మూడు సార్లు, ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి పెట్టి రుద్దాలి. అన్ని పళ్ళకూ లెక్క సమానంగా ఉండాలి. ఒక వైపు పళ్ళు ఎక్కువ అరిగితే కోత వంకరపోతుంది. నాలుగు సార్లు పదును పెట్టాక, పంటి ముందున్న చిన్న మెట్టును చదునైన ఆకురాయితో తగ్గించాలి. పంటి అంచుకు, దానికి తేడా 0.65 మి.మీ. ఉంటే చాలు. మెట్టును అంతకన్నా కిందికి అరగదీస్తే చైన్ కొరికి లాగుతుంది, గొట్టం చేతుల్లో ఎగిరిపడుతుంది.

నూనె విషయంలో చౌక తలలన్నీ ఒకే దారి. నూనె డబ్బా మూత కారుతుంది. నూనె తోసే చిన్న పళ్ళ చక్రం (వర్మ్ గేర్) ప్లాస్టిక్‌ది అయితే అరుగుతుంది. అంతకంటే మామూలుగా జరిగేది పొట్టు చేరి బార్ మీద నూనె రంధ్రం మూసుకుపోవడం. పని మొదలుపెట్టే ముందు తలను పాత అట్టముక్క మీదికి చూపి ఫుల్ వేగంలో పది సెకన్లు తిప్పండి. అట్ట మీద సన్నని నూనె గీత పడాలి. పడకపోతే బార్ విప్పి, గాడిని, రంధ్రాన్ని తీగతో శుభ్రం చేయాలి. బార్‌ని తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. ప్రతి పెట్రోల్ ట్యాంకుకూ నూనె నింపడం అలవాటు చేసుకోవాలి. చైన్ ఆయిల్ దొరకనప్పుడు కొత్త ఇంజిన్ ఆయిల్ వాడొచ్చు. బండిలోంచి తీసిన నల్ల ఆయిల్ మాత్రం వద్దు, అందులోని లోహపు రజను బార్‌ని తినేస్తుంది. వంట నూనె పోస్తే నిలవలో జిగురై చైన్ కరుచుకుంటుంది. తలలోని గేర్లకు 20, 25 గంటలకోసారి గ్రీజు ఎక్కించాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

కోసేటప్పుడు క్రమం ఇది. చైన్‌ని ముందే పూర్తి వేగంలోకి తెచ్చి, తల మొదట్లో ఉన్న ఆపుడు కొక్కేన్ని కొమ్మకు ఆనించి, ఆ తర్వాతే బార్‌ని దించాలి. గాల్లో ఉన్న బార్ మొనతో కొమ్మని తాకితే తల వెనక్కి తంతుంది. బరువైన కొమ్మను చివర నుంచి మీటరు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. చివరి ముక్కకు ముందు కింది నుంచి కొమ్మ మందంలో నాలుగో వంతు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. కింది గాటు లేకపోతే కొమ్మ సగంలోనే విరిగి, బెరడు మొదలుదాకా చీరుకుపోతుంది. కాండం దగ్గర కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి కోస్తేనే గాయం మూసుకుంటుంది. బార్ ఇరుక్కుంటే గొట్టంతో గుంజొద్దు, గొట్టం వంగితే లోపలి కడ్డీ కూడా పోయినట్టే. ఇంజిన్ ఆపి, మామిడికాయలు కోసే దోటి కొక్కేన్ని కొమ్మ చివరకు తగిలించి పైకో పక్కకో లాగిస్తే గాటు తెరుచుకుంటుంది.

చెట్టును బట్టి పని. చేవ కట్టిన చింత, ఎండిన వేప చైన్‌ని త్వరగా మొద్దు చేస్తాయి. మునగకు ఈ మెషీన్ అనవసరం, బార్ బరువుకే కొమ్మ విరిగి మీద పడుతుంది. కొబ్బరి మట్టల జోలికి వెళ్ళొద్దు, పీచు చైన్ చక్రానికి చుట్టుకుని మెషీన్ ఆగిపోతుంది. బొటనవేలంత లావు లేని రెమ్మలకు దోటికి కట్టిన కొడవలే నయం, చైన్ కింద అవి ఊగుతాయే గానీ తెగవు. మామిడిని కాపు దిగాక, జూన్, జూలైలో కొట్టడం మంచిది. సొన చుక్కలు కంట్లో, చర్మం మీద పడితే పుండ్లు పడతాయి కాబట్టి కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్ట్ పూయండి: కాపర్ సల్ఫేట్ 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్ళు 10 లీటర్లు. ఇంటికైతే అందులో పదో వంతు కలిపినా మిగులుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి.

కరెంటు తీగల దగ్గర ఈ మెషీన్‌కు చోటే లేదు. గొట్టం అల్యూమినియంది, కరెంటును నేరుగా చేతుల్లోకి తెస్తుంది. మాన్యువళ్ళు చెప్పే దూరం 15 మీటర్లు. మన వీధుల్లో సర్వీసు వైరే కొమ్మల్లోంచి పోతుంది కాబట్టి, లైన్‌మన్ ఎల్.సి. (లైన్ క్లియర్) తీసుకుని సరఫరా ఆపాకే ఆ వైపు కొమ్మలు, అవీ వాళ్ళ చేతనే కొట్టించండి. పక్కన నిలబడే మనిషికీ అదే 15 మీటర్లు. తేనెపట్టు, కందిరీగల తుట్టె ఉందేమో ముందు కింది నుంచి చూసుకోవాలి, ఇంజిన్ చప్పుడుకే అవి లేస్తాయి. చెట్టునే కొట్టేయాలంటే అది వేరే సంగతి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అనుమతి అడుగుతుంది.

రెండు మూడు చెట్లు, ఏడాదికి ఒక్క రోజు పని ఉన్నవాళ్ళు పెట్రోల్ మెషీన్ కొనొద్దు. ఏడాదంతా ఖాళీగా ఉండే కార్బురేటర్ పనిచేసే కార్బురేటర్ కంటే ముందు చెడుతుంది. వాళ్ళకు బ్యాటరీ పోల్ సా గానీ, అద్దె మెషీన్ గానీ చాలు. పది చెట్లు దాటితే, లేదా ఇప్పటికే మంచి బ్రష్ కట్టర్ ఉంటే పెట్రోల్ తల గిట్టుబాటు. డబ్బు కట్టే ముందు షాపులోనే చైన్ డబ్బాలో నూనె పోయించి, స్టార్ట్ చేయించి, అట్ట మీద నూనె గీత పడిందో లేదో చూపించమనండి. చూపించనంటే పక్క షాపుకు నడవండి.